క్యాబినెట్టు లోపల ఏం చూడాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం డెస్క్‌టాప్ కంప్యూటర్ భాగాలను బిగించే రేకు పెట్టె గురించే ఉన్నాయి. దానినే మన దుకాణాలలో క్యాబినెట్టు అంటారు, ఇళ్లలో చాలామంది సీపీయూ అనేస్తారు. ప్రాసెసర్‌ను, గ్రాఫిక్స్ కార్డును పదిమందిని అడిగి ఎంచుకునేవారు కూడా ఈ పెట్టెను చివర మిగిలిన డబ్బుతో, లైట్లు చూసి కొంటున్నారని ఆ ఉత్తరాలను బట్టి తెలుస్తోంది. అందుకే మిగతా విషయాలను పక్కన పెట్టి, ఈ సంచికలో క్యాబినెట్టు లోపలి అమరికపై వచ్చిన ప్రశ్నలకే సమాధానాలు ఇస్తున్నాం.

ప్రశ్న: మా అబ్బాయి కాకినాడలో బీటెక్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాడికి కంప్యూటర్ కట్టించడానికి రాజమహేంద్రవరంలో ఒక దుకాణానికి వెళ్లాం. అక్కడ రెండు క్యాబినెట్లు చూపించారు. ఒకదానికి ముందూ పక్కా అద్దాలున్నాయి, లోపల రంగు లైట్ల ఫ్యాన్లు నాలుగు ఉన్నాయి. రెండోది నల్లగా సాదాగా ఉంది. ముందువైపు జాలీ రేకు, రెండే ఫ్యాన్లు. ధర ఇంచుమించు ఒకటే. మొదటిదే బాగా అమ్ముడుపోతోందని దుకాణదారు అంటున్నారు. పైరూపం మాకూ కనిపిస్తుంది గాని, లోపలి అమరిక మంచిదో కాదో తేల్చుకోవడం ఎలాగో దయచేసి వివరంగా చెప్పండి. (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: దుకాణంలో వెలిగించి పెట్టిన నమూనాను చూసి నిర్ణయించకండి. మీకు అమ్మబోయే పెట్టెనే అట్టలోంచి బయటికి తీయించి, ఖాళీగా ఉండగానే రెండు పక్క తలుపులూ ఊడదీయించి చూడండి. ఎడమ తలుపు తీస్తే భాగాలు కూర్చునే గది కనిపిస్తుంది, దానిని ఎవరైనా చూపిస్తారు. కుడి తలుపు తీస్తే, భాగాలన్నీ తగిలించే ప్రధాన పలక అయిన మదర్‌బోర్డును బిగించే రేకు వెనుకభాగమూ, వైర్లు నడిచే సందూ కనిపిస్తాయి. తయారుచేసినవారు ఎంత ఆలోచించారో తెలిసేది ఈ రెండోవైపే. కుడి తలుపు తీయమంటే విసుక్కునే దుకాణంలో కొనకపోవడమే మేలని నా అభిప్రాయం.

మొదట తేల్చుకోవలసింది గాలి దారి. పొలానికి పంట కాలువ ఎంత అవసరమో మురుగు కాలువ కూడా అంతే అవసరమని డెల్టావారికి నేను చెప్పనక్కరలేదు. నీరు పెట్టడానికి దారి ఉండి, తీయడానికి దారి లేని చేను ఏమవుతుందో కోనసీమ రైతుకు ప్రతి వానాకాలమూ అనుభవమే. క్యాబినెట్టులో గాలికి కూడా ఆ రెండు దారులూ ఉండాలి, వాటి మధ్య అడ్డు ఉండకూడదు. గాలి ముందు నుంచి గాని అడుగు నుంచి గాని లోపలికి వచ్చి, గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ కూలర్‌ల మీదుగా సాగి, వెనుక నుంచీ పైనుంచీ బయటికి పోవాలి. వేడిగాలి దానంతటదే పైకి పోతుంది గనుక పైకప్పుకు రంధ్రాలుంటే చాలని కొందరు చెబుతారు. ఇంత చిన్న పెట్టెలో ఫ్యాన్లు తోసే గాలి ముందు ఆ సహజ చలనం లెక్కలోకి రాదు.

ఫ్యాన్లు ఎన్ని అన్నదాని కంటే ఫ్యాను ముందు ఖాళీ ఎంత అన్నది ముఖ్యం. మీరు ఒక స్కేలు వెంట తీసుకువెళితే ఈ సంగతిని దుకాణంలోనే లెక్కగట్టవచ్చు. 120 మిల్లీమీటర్ల ఫ్యానులో రెక్కలు తిరిగే చోటు, మధ్యనున్న మోటారు బుడిపె పోగా, సుమారు 100 చదరపు సెంటీమీటర్లు. అద్దం వెనుక అటువంటివి మూడు ఉంటే అవి 300 చదరపు సెంటీమీటర్ల దారిని కోరుతున్నాయన్నమాట. అద్దానికీ చట్రానికీ మధ్య రెండు పక్కలా 40 సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న సందులు మాత్రమే ఉంటే దొరికే దారి 80 చదరపు సెంటీమీటర్లు, అంటే కోరినదానిలో పావు వంతుకు కాస్త ఎక్కువ. ఆ పెట్టెలో ఫ్యాన్లు ఎంత వేగంగా తిరిగినా చప్పుడు పెరుగుతుందే తప్ప గాలి ఆ మేరకు పెరగదు.

దీని ఫలితాన్ని అంకెలలో చూద్దాం. లోపలి భాగాలు వాడే విద్యుత్తును వాట్లలో తీసుకొని, పెట్టెలోంచి నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పారుతోందో ఆ అంకెతో భాగించి, వచ్చినదానిని 1.76తో హెచ్చవేస్తే, గాలి ఎన్ని సెల్సియస్ డిగ్రీలు వేడెక్కుతుందో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 300 వాట్ల కంప్యూటర్‌లో నిమిషానికి 60 ఘనపుటడుగుల గాలి పారితే పెరుగుదల 9 డిగ్రీల లోపు. అదే గాలి 20 ఘనపుటడుగులకు పడిపోతే 26 డిగ్రీలు. రోహిణి కార్తెలో గది 38 డిగ్రీలు ఉన్నదనుకుంటే, 60 ఘనపుటడుగులు పారే పెట్టెలోంచి 47 డిగ్రీల గాలి వస్తుంది, 20 ఘనపుటడుగులే పారేదానిలోంచి 64 డిగ్రీల గాలి వస్తుంది. ప్రాసెసర్ కూలర్ ఎంత ఖరీదైనదైనా, తన చుట్టూ ఉన్న గాలితోనే ప్రాసెసర్‌ను చల్లబరచాలి గదా. చల్లని దేశాలలో 20 డిగ్రీల గదిలో పరీక్షించి, అద్దం ఉన్నా పరవాలేదని రాసిన సమీక్షలను మన వేసవికి అన్వయించుకోకూడదు.

జాలీ అని పేరున్నంత మాత్రాన అదీ మంచిదని కాదు. రేకులో అక్కడక్కడ చిన్న రంధ్రాలు పొడిచి, దాని వెనుక దట్టమైన నైలాను వడపోత, ఆ వెనుక మళ్లీ స్పాంజి పెట్టినవి ఉంటాయి. వెలుతురుకు ఎదురుగా పట్టుకొని చూడండి. రేకు కంటే ఖాళీ ఎక్కువగా కనిపించాలి. అవతల అరచెయ్యి పెట్టి ఇవతల నుంచి నోటితో ఊదితే గాలి చేతికి స్పష్టంగా తగలాలి. ఈ పరీక్షనే వెనుక ఫ్యాను దగ్గర కూడా చేయండి. చౌక పెట్టెలలో అక్కడ రేకులోనే సన్నని చీలికలు కోసి వదిలేస్తారు. ఫ్యాను రెక్కల నుంచి వచ్చే గాలి ఆ చీలికల అంచులకు కొట్టుకొని ఈల వేస్తుంది. తేనెపట్టులా ఆరు పలకల రంధ్రాలున్న రేకు దానికంటే చాలా నయం.

ఇప్పుడు కుడివైపుకు రండి. మదర్‌బోర్డు రేకుకూ కుడి తలుపుకూ మధ్య సందు 20 మిల్లీమీటర్లకు తగ్గకుండా ఉండాలి, 25 ఉంటే మరీ మంచిది. 24 పిన్నుల ప్రధాన కేబుల్, ముందు యూఎస్‌బీ పోర్టులకు వెళ్లే 19 పిన్నుల మందపాటి కేబుల్ ఒకదానిమీద ఒకటి పడితే 15 మిల్లీమీటర్ల సందులో తలుపు మూయడానికి మోకాలితో నొక్కవలసి వస్తుంది. తలుపు ఉబ్బిన పెట్టెలు, పక్క స్క్రూ మర చెడిపోయిన పెట్టెలు చాలావరకు అలా తయారైనవే. వైర్లు కట్టుకోవడానికి రేకులో కొక్కేలు ఉన్నాయా, వైర్లు ఇటునుంచి అటు దాటే రంధ్రాల అంచులు మడిచి గాని రబ్బరు తొడిగి గాని ఉన్నాయా చూడండి. కోసిన రేకు అంచు వెంట వేలిని మెల్లగా నడిపితే గరుకు తెలుస్తుంది. వేలికి గుచ్చుకునేది రేపు వైరు పైపొరకూ గుచ్చుకుంటుంది.

ప్రాసెసర్ ఉండే చోట, రేకు వెనుక, పెద్ద కిటికీ కోసి ఉండాలి. అది ఉంటే కూలర్ మార్చేటప్పుడు వెనుక పట్టీని ఆ కిటికీలోంచే బిగించవచ్చు; లేకపోతే ఆ ఒక్క పనికి మదర్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. ఎడమ తలుపు వైపు నుంచి చూస్తే పై ఎడమ మూలన ప్రాసెసర్‌కు విద్యుత్తు ఇచ్చే 8 పిన్నుల ప్లగ్గు దూరే రంధ్రం ఉంటుంది. ఎంతోమంది తయారీదారులు ఇక్కడే పొరపడతారు: రంధ్రం ప్లగ్గు పట్టనంత చిన్నదిగా చేస్తారు, లేదా బోర్డు బిగించాక దాని అంచు కిందికి పోయేంత లోపలికి పెడతారు. ఎస్ఎంపీఎస్ (భాగాలన్నింటికీ విద్యుత్తు పంచే డబ్బా) కేబుల్ ఒకటి తెప్పించి, ఆ రంధ్రంలోంచి దూర్చి చూడడానికి సంకోచించకండి.

కొలతల విషయం త్వరగా ముగించవచ్చు. ఇంటెల్ 1995లో ప్రకటించిన ఏటీఎక్స్ ప్రమాణం ప్రకారం పూర్తి సైజు మదర్‌బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ రెండువైపులా 244. బోర్డు కింద ఉండే ఇత్తడి స్తంభాలు బోర్డు రంధ్రాలకు సరిగ్గా ఎదురుగా ఉండాలి, రంధ్రం లేని చోట స్తంభం మిగిలిపోతే అది బోర్డు అడుగున టంకాలకు తగిలి షార్టు అవుతుంది. ఒకటి రెండు స్తంభాలలో స్క్రూ వేయించి, మర వంకర పోకుండా దిగుతోందో లేదో చూడండి. ఎస్ఎంపీఎస్ వెడల్పు 150, ఎత్తు 86 మిల్లీమీటర్లు ఏటీఎక్స్ రకం వాటన్నింటికీ ఒకటే గాని పొడవు 140 నుంచి 180 దాకా మారుతుంది. అడుగున ఎస్ఎంపీఎస్‌కూ హార్డ్ డిస్కుల గూటికీ మధ్య, పొడవు పోగా మరో నాలుగు వేళ్ల చోటు ఉండాలి, వాడని కేబుళ్లన్నీ చివరికి చేరేది అక్కడికే.

రేకు మందం గురించి దుకాణదారు చెప్పేది వినడం కంటే తూచడం మంచిది. అర మిల్లీమీటరు ఉక్కు రేకుతో చేసిన 45 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు తలుపు సుమారు 700 గ్రాములు తూగుతుంది. అదే 0.8 మిల్లీమీటర్ల రేకైతే 1,130 గ్రాముల దాకా వస్తుంది. అంచుల మడతలకు కొంచెం అదనంగా వేసుకోండి. దుకాణంలో మందం కొలిచే వెర్నియర్ ఉండదు గాని పక్క కిరాణాలో కాటా ఉంటుంది. రేకు వంగకుండా నిలిచే బలం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది గనుక 0.8 రేకు అర మిల్లీమీటరు రేకు కంటే నాలుగు రెట్లు గట్టిగా ఉంటుంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే హార్డ్ డిస్కు సెకనుకు 120 సార్లు అదురును పుట్టిస్తుంది. పలుచని రేకు ఆ అదురుకు జుమ్మని పాడుతుంది. మీ అబ్బాయికి హార్డ్ డిస్కు లేకుండా, తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంటే ఈ సంగతిని అంతగా పట్టించుకోనక్కరలేదు.

చివరగా, ఆ రంగు ఫ్యాన్ల వైర్ల చివర ఏ ప్లగ్గు ఉందో అడగండి. నాలుగు పెద్ద పిన్నుల మోలెక్స్ ప్లగ్గు నేరుగా ఎస్ఎంపీఎస్‌కు తగిలిస్తారు గనుక ఆ ఫ్యాను ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతుంది, చల్లగా ఉన్నప్పుడు నెమ్మదించదు. మదర్‌బోర్డుకు తగిలించే చిన్న నాలుగు పిన్నుల ప్లగ్గు ఉన్న రెండు ఫ్యాన్లు, మోలెక్స్ ప్లగ్గు ఉన్న నాలుగు ఫ్యాన్ల కంటే విలువైనవి. మీరు రాసిన రెండింటిలో, కుడి తలుపు పరీక్షలో ఓడిపోతే తప్ప, జాలీ ఉన్న నల్లదాన్నే తీసుకోండి. రంగు లైట్లు కావాలని మీ అబ్బాయి పట్టుబడితే, లైట్ల ఫ్యాను ఒకటి తర్వాత వెనుక బిగించుకోవచ్చు.

ప్రశ్న: పాలకొల్లు దగ్గర మా ఇంటికి ఎదురుగానే రైస్ మిల్లు ఉంది. ఏ వస్తువు తుడిచినా సాయంత్రానికి నల్లని పొర పడుతుంది. కంప్యూటర్ తెరిస్తే లోపల బూడిద పేరుకుపోయి ఉంటోంది. జాలీ ఉన్న క్యాబినెట్టు కొంటే ఇంకా ఎక్కువ దుమ్ము వస్తుందని మా బంధువులు అంటున్నారు. మూసి ఉన్నది కొనడం మంచిదా? (ఒక పాఠకురాలు, పాలకొల్లు మండలం)

జవాబు: మీ బంధువుల మాట సగం నిజం. దుమ్ము ఎంత వస్తుందన్నది ముందు రేకుకు రంధ్రాలున్నాయా లేవా అన్నదానిపై కాక, లోపలికి నెట్టే గాలి ఎక్కువా బయటికి లాగే గాలి ఎక్కువా అన్నదానిపై ఆధారపడి ఉంటుంది. బయటికి లాగే ఫ్యాన్లు బలంగా ఉండి లోపలికి దారి ఇరుకైతే, పెట్టెలో ఒత్తిడి బయటి కంటే కొంచెం తగ్గుతుంది. అప్పుడు గాలి తలుపు సందులలోంచి, యూఎస్‌బీ రంధ్రాలలోంచి, వెనుక కార్డులు బిగించే స్లాట్ల మూతల పక్కనుంచి, వడపోత లేని ప్రతి చీలికలోంచి దూరుతుంది. ముందు మూసి ఉన్న పెట్టెలో సాధారణంగా జరిగేది ఇదే. లోపలికి నెట్టే గాలి కొంచెం ఎక్కువగా ఉండి, ఆ వచ్చే దారులన్నింటికీ వడపోత ఉంటే, చీలికలలోంచి గాలి బయటికే పోతుంది, దుమ్ము వడపోత దగ్గరే ఆగుతుంది. అందువల్ల ముందు రెండు 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు లోపలికి, వెనుక ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాను బయటికి తిరిగేటట్టు పెట్టించండి. పైకప్పులో ఫ్యాన్లు వద్దు. అక్కడి రంధ్రాలను అయస్కాంతం పట్టీ ఉన్న జాలీతో కప్పేయండి, లేకపోతే కంప్యూటర్ ఆపి ఉన్న వేళ బూడిద నేరుగా గ్రాఫిక్స్ కార్డు మీదికి రాలుతుంది.

మీ ఇంట ఊక బూడిద గనుక వడపోత విషయంలో పట్టుదలగా ఉండండి. ఊకను కాల్చగా మిగిలే బూడిదలో అత్యధిక భాగం సిలికాయే. అది ఫ్యాను ఇరుసులోకి చేరితే ఆకురాయిలా అరగదీస్తుంది. నల్లగా ఉన్నదంటే పూర్తిగా కాలని బొగ్గు కూడా కలిసి ఉందని అర్థం. ముసురు రోజులలో అది తేమ పీల్చి హీట్‌సింకు (వేడిని లాగే లోహపు దిమ్మ) రెక్కల మధ్య పిడచలా కట్టుకుంటుంది, అప్పుడు ఊదితే కదలదు, కుంచెతో గీకాలి. కొనేటప్పుడు చూడవలసింది ఒకటే: ముందు వడపోతను, అడుగున ఎస్ఎంపీఎస్ వడపోతను పెట్టెను వంచకుండా, స్క్రూ విప్పకుండా ఒక చేత్తో బయటికి లాగగలగాలి. కొన్ని పెట్టెలలో అడుగు వడపోత వెనుకవైపుకు జారుతుంది. గోడకు ఆనించి పెట్టిన పెట్టెకు వెనుకనుంచి వడపోత లాగడానికి ఎవరికీ ఓపిక ఉండదు, చివరికి అది ఎప్పుడూ కడగబడదు. ముందువైపుకు లాగేది ఎంచుకోండి. మిల్లు ఆడే రోజులలో పది పదిహేను రోజులకొకసారి నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే తిరిగి పెట్టండి.

ప్రశ్న: మా కంప్యూటర్ బాగా వేడెక్కుతోందని పక్క తలుపు తీసేసి టేబుల్ ఫ్యాను పెట్టి వాడుతున్నాం. ఇప్పుడు బాగానే ఉంది. ఇలాగే కొనసాగించవచ్చా? (తణుకు నుంచి ఒక విద్యార్థి)

జవాబు: కొనసాగించకండి గాని, మీకు తెలియకుండానే మీరు ఒక మంచి పరీక్ష చేశారు. దానిని పద్ధతి ప్రకారం పూర్తి చేయండి. గదిలో అదే ఫ్యాను, అదే వేళ, టేబుల్ ఫ్యాను లేకుండా, తలుపు మూసి అరగంటసేపు ఒక బరువైన పని నడిపి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల ఉష్ణోగ్రత రాసుకోండి. తర్వాత తలుపు తీసి అదే పని మరో అరగంట నడపండి. తేడా రెండు మూడు డిగ్రీలే అయితే క్యాబినెట్టులో లోపం లేదు. ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పేస్టు ఎండిపోయి ఉండవచ్చు, కూలర్‌కు దుమ్ము పట్టి ఉండవచ్చు. తేడా పది డిగ్రీలు దాటితే మాత్రం పెట్టెలో గాలి దారి సరిగా లేదని చెప్పవచ్చు. ముందు ముఖభాగాన్ని ఊడదీసి మరోసారి అదే పరీక్ష చేస్తే దోషం అక్కడే ఉందో లేదో కూడా తేలుతుంది. తలుపు తీసి ఉంచితే ముందు ఫ్యాన్లు తెచ్చిన గాలి భాగాల మీదుగా పోకుండా పక్కకు జారిపోతుంది, దుమ్ముకు అడ్డే ఉండదు. తిరుగుతున్న రెక్కలు ఇంట్లో చిన్నపిల్లల చేతికి అందుతాయి కూడా.

ప్రశ్న: భీమవరంలో మాకు ఫోటో స్టూడియో ఉంది. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడానికి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనాలనుకుంటున్నాం. మా క్యాబినెట్టు పాతది, రేకు చాలా గట్టిది. ఎస్ఎంపీఎస్ పైన ఉంటుంది, ముందువైపు నిలువునా డీవీడీ డ్రైవుల, హార్డ్ డిస్కుల గూళ్లు ఉన్నాయి. దీనిలోనే కొత్త కార్డు పెట్టుకోవచ్చా, పెట్టె మార్చాలా? (ఒక స్టూడియో యజమాని)

జవాబు: పాత పెట్టెను చులకన చేయవలసిన పని లేదు. ఏటీఎక్స్ రంధ్రాల స్థానాలు మారలేదు గనుక నిన్నటి పెట్టెలో నేటి బోర్డు కూర్చుంటుంది. మీ పెట్టె రేకు ఇప్పటి చౌక పెట్టెలకంటే మందంగా ఉండి ఉండవచ్చు. సమస్య లోపలి గది ఆకారంలో ఉంది. వెనుక స్లాట్ల పట్టీ లోపలి ముఖం నుంచి హార్డ్ డిస్కు గూటి దాకా టేపుతో కొలవండి. హార్డ్ డిస్కు గూట్లోంచి కొంచెం బయటికి పొడుచుకువస్తుంది, దాని ప్లగ్గు ఇంకా ముందుకు వస్తుంది. కాబట్టి డిస్కు, ప్లగ్గు ఉండగానే కొలవాలి. రెండు ఫ్యాన్ల కార్డులు చాలావరకు 200 నుంచి 250 మిల్లీమీటర్ల పొడవులో ఉంటాయి, మూడు ఫ్యాన్లవి 300 దాటుతాయి. కొలిచినదానికంటే కనీసం 15 మిల్లీమీటర్లు తక్కువ ఉన్న కార్డునే ఎంచుకోండి, లేకపోతే అది లోపలికి వాలుగా తిప్పేటప్పుడే అడ్డుపడుతుంది.

పొడవు ఒక్కటే చాలదు. వెనుక ఒక్కొక్క స్లాటు వెడల్పు 20 మిల్లీమీటర్ల పైచిలుకు. కార్డు మందం రెండున్నర స్లాట్లు అని రాసి ఉంటే మూడు స్లాట్లు పోయినట్టే లెక్కవేసుకోండి. దాని ఫ్యాన్లు కిందికి చూస్తాయి గనుక ఆ కింద కూడా ఒక స్లాటు ఖాళీ ఉండాలి. మీ పెట్టె ఇరుకైనదైతే కార్డు పై అంచుకూ పక్క తలుపుకూ మధ్య దూరం కూడా చూడాలి. విద్యుత్తు ప్లగ్గు ఆ అంచునే ఉంటుంది. కొత్త ఖరీదైన కార్డులకు వచ్చే సన్నపిన్నుల ప్లగ్గు దగ్గర మొదటి 35 మిల్లీమీటర్ల మేర కేబుల్‌ను వంచకూడదని జాగ్రత్త చెబుతారు; తలుపు నొక్కి కేబుల్ వంగితే పిన్ను సరిగా కూర్చోక ప్లగ్గు వేడెక్కి కరిగే ప్రమాదం ఉంది.

పొడవు చాలకపోతే హార్డ్ డిస్కుల గూటిని తీసేయవచ్చు. అది రివిట్లతో ఉంటుంది. రేకు పని చేసేవారు డ్రిల్లుతో నిమిషాలలో ఊడదీస్తారు. కాని ముందుగా మదర్‌బోర్డు, ఎస్ఎంపీఎస్, వైర్లు అన్నీ బయటికి తీసే ఆ పని చేయించాలి, తర్వాత రేకు రజను అంతా ఊది, అయస్కాంతంతో ఏరి, తుడిచాకనే తిరిగి కట్టించాలి. గూడు పోతే ముందు ఫ్యానుకు ఎదురుగా ఉన్న అడ్డు కూడా పోతుంది, అది అదనపు లాభం. ఇక ఎస్ఎంపీఎస్ పైన ఉండటం మీ పెట్టెకున్న అసలు బలహీనత. ప్రాసెసర్, కార్డు వదిలిన వేడిగాలినే అది పీల్చుకుంటుంది. గంటల తరబడి వీడియో రెండరింగు చేసే స్టూడియోలో ఆ అమరిక ఎస్ఎంపీఎస్ ఆయువును తినేస్తుంది. 115 వాట్లు, 120 వాట్లు వాడే మధ్యతరగతి కార్డు అయితే ఈ పెట్టెలోనే సర్దుకోండి. 250 వాట్లు దాటిన కార్డు కొంటున్నట్టయితే పెట్టె కూడా మార్చండి.

ప్రశ్న: సఖినేటిపల్లిలో మాకు జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల దుకాణం ఉంది. సముద్రం దగ్గర కావడంతో ఇనుప వస్తువు ఏదైనా తుప్పు పడుతుంది. కంప్యూటర్ లోపల స్క్రూలు, రేకు అంచులు ఎర్రబడ్డాయి. ఒకసారి బల్లి దూరి బోర్డు కాలిపోయింది. ఈసారి పెట్టె కొనేటప్పుడు ఏం చూడాలి? గదిలో ఏసీ పెట్టిస్తే తుప్పు తగ్గుతుందా? (ఒక దుకాణదారు)

జవాబు: క్యాబినెట్టు రేకుకు సాధారణంగా జింకు పూత ఉంటుంది. రంధ్రాలు పొడిచిన చోట, అంచులు కోసిన చోట ఆ పూత పోయి ఉక్కు బయటపడుతుంది, ఉప్పుగాలికి ఎర్రబడటం మొదలయ్యేది అక్కడే. పాత రకం పెట్టెలకు బయట మాత్రమే రంగు వేసి లోపల బూడిదరంగు రేకునే వదిలేసేవారు. మీరు లోపల కూడా పౌడర్ కోటింగు ఉన్న పెట్టెనే తీసుకోండి. ముఖ్యంగా రంధ్రాల లోపలి అంచుల మీదికి కూడా రంగు దిగి ఉందో లేదో చూడండి. రంగు ముందు వేసి రంధ్రాలు తర్వాత పొడిచిన రేకైతే ఆ అంచు తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది, అటువంటిది మీ ఊరికి పనికిరాదు.

ఏసీ వాడటంలో ఒక చిక్కు ఉంది. మీ వైపు గాలి 32 డిగ్రీలు, తేమ 80 శాతం ఉన్నప్పుడు ఆ గాలిలోని తేమ 28 డిగ్రీల దగ్గరే నీటి బొట్లుగా మారుతుంది. ఏసీ గదిలో 24 డిగ్రీలకు చల్లబడిన రేకు మీదికి, తలుపు తెరవగానే ఆ గాలి వస్తే రేకు చెమర్చక తప్పదు. నడుస్తున్న కంప్యూటర్ గది కంటే వెచ్చగా ఉంటుంది గనుక దానికి ఆ బెడద లేదు. అందువల్ల దుకాణం మూసేటప్పుడు కంప్యూటర్‌నూ ఏసీనీ ఒకేసారి ఆపి తలుపులు బార్లా తీయకండి. ఏసీ ముందు ఆపి, గది వేడెక్కేదాకా కంప్యూటర్ నడవనివ్వండి.

బల్లుల సంగతికి వస్తే, అవి ఎక్కువగా వచ్చేది వెనుక స్లాట్ల నుంచే. చౌక పెట్టెలలో స్లాట్ల మూతలు రేకులోనే భాగంగా ఉంటాయి. కార్డు పెట్టడానికి ఒకసారి విరిచి తీస్తే మళ్లీ పెట్టడానికి మూత ఉండదు. స్క్రూతో విప్పి మళ్లీ బిగించుకునే మూతలున్న పెట్టెను ఎంచుకోండి, కార్డు తీసేసిన రోజే మూత తిరిగి బిగించండి. మదర్‌బోర్డుతో వచ్చే వెనుక పోర్టుల పలకను బిగించడం మరిచిపోయే మెకానిక్కులు ఉన్నారు. ఆ ఖాళీ బల్లికే కాదు, చిన్న ఎలుకకు కూడా సరిపోతుంది. గాలి రంధ్రాలు రెండు మిల్లీమీటర్ల లోపు ఉంటే బల్లి, పెద్ద బొద్దింక రావు. చీమలను ఏ జాలీ ఆపదు, టేబుల్ మీద టీ గ్లాసు పెట్టకపోవడమే దానికి మందు. అడుగున గాలి పీల్చే ఎస్ఎంపీఎస్ ఉన్న పెట్టెను నేల మీద అసలు పెట్టకండి. రోజూ తడిగుడ్డ పెట్టే నేలమీది తేమను అది నేరుగా లోపలికి లాగుతుంది. జానెడు ఎత్తు పీట వేయించండి.

ప్రశ్న: కొత్త క్యాబినెట్టును ముట్టుకుంటే చేతికి జివ్వుమని తగులుతోంది. లోపల ఏదో వైరు రేకుకు తగులుతోందని ఒకరు, పెట్టె కంపెనీ మంచిది కాదని మరొకరు అంటున్నారు. (ఒక పాఠకుడు, రావులపాలెం)

జవాబు: చాలావరకు దోషం పెట్టెది కాదు, ఇంటి ఎర్తింగుది. ఎస్ఎంపీఎస్‌లో విద్యుత్ రొదను అణచడానికి ఫేజుకూ రేకుకూ మధ్య ఒకటి, న్యూట్రలుకూ రేకుకూ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. మూడో పిన్నుకు నిజమైన ఎర్తు ఉంటే వాటిలోంచి వచ్చే కొద్దిపాటి విద్యుత్తు భూమిలోకి పోతుంది. ఎర్తు లేకపోతే రేకు 230 వోల్టులలో సగం దాకా, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు అతి స్వల్పం గనుక జివ్వుమంటుందే తప్ప పడగొట్టదు. అయినా నిర్లక్ష్యం చేయకండి, నిజంగానే ఫేజు రేకుకు తగిలిన రోజున కాపాడేది ఆ ఎర్తే. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ముందుగా ప్లగ్గు సాకెట్టులో ఎర్తు ఉందో లేదో చూపించండి. అది సరిగా ఉండి కూడా జివ్వుమంటుంటే, అప్పుడు పెట్టె లోపల ఎస్ఎంపీఎస్ బిగించిన చోట చూడాలి. దట్టంగా రంగు పూసిన రేకు మీద రంగు పూసిన ఎస్ఎంపీఎస్‌ను కూర్చోబెట్టి, రెండు స్క్రూలతో సరిపెడితే లోహానికి లోహం తగలకపోవచ్చు. నాలుగు స్క్రూలూ బిగించి, వాటి తలల కింద రంగును కొంచెం గీకించండి.